రాతి మీద లేని గీత

మొదటిసారి చూసినప్పుడు రీపెకాకి ఆ ఫోటోలో ఏ లోపమూ కనిపించలేదు. రెండోసారి చూసేసరికి కనిపించింది.

బుధవారం సాయంత్రం. ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించిన పాత షెడ్డులో బ్యాండు సాధన మొదలు కాబోతోంది. తమ్ముడు హామి గిటారు మెడలో వేసుకుంటూనే ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మ రాయి అక్కా. రాళ్లు చెక్కేవాడు నిన్న వచ్చి నిలబెట్టి పోయాడు. నల్లరాయి ఎంత మెరుస్తోందో చూడు."

రాయి మెరుస్తూనే ఉంది. పైన తల్లి పేరు, రాహెరా మానుకా. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. వాటి కింద హామి పాటలోంచి తీసుకున్న ఒక్క చరణం: కేయ్ కొనేయ్ తోను తాఉవ. మనిద్దరం ఇంకా ఇక్కడే ఉన్నాం అని అర్థం. పదేళ్ల కిందట పోయిన నాన్న పక్కనే అమ్మని పడుకోబెట్టారు కాబట్టి నాన్న ఆమెతో అంటున్న మాటగా పెట్టారు దాన్ని.

కాని రాతి మీద తాఉవ లేదు. తఉవ ఉంది.

వాళ్ల భాష రాతలో దీర్ఘమంటే అచ్చు నెత్తిన చిన్న అడ్డగీత. ఆ గీత ఉంటే మనిద్దరం. గీత లేకపోతే దండెత్తి వచ్చే సేన. సేన ఇంకా ఇక్కడే ఉంది, అని అమ్మ సమాధి మీద చెక్కి ఉంది.

"హామీ, ఇది చదువు."

"ఎందుకు చదవడం, నేను రాసిందేగా." వాడు తీగలు సవరించుకుంటూ ఆ చరణాన్ని పాడేశాడు, దీర్ఘం దీర్ఘంగానే, తియ్యగా.

"పాడమనలేదురా. చదవమన్నాను."

వాడు ఫోను దగ్గరికి తీసుకొని చూశాడు. గిటారు కింద పెట్టాడు.

ఈ గొడవ ఈనాటిది కాదు. ఇరవై ఏళ్లుగా ఈ బ్యాండులో కీబోర్డు వాయించేదీ రీపెకాయే, మిగతావాళ్లు రాసిన తప్పులు దిద్దేదీ ఆమే. ఊళ్లో బడి ఆఫీసులో ఉద్యోగం. పొద్దున పిల్లల ఉత్తరాలు, సాయంత్రం ఈ గడ్డాలున్న పిల్లల ఉత్తరాలు. చిన్నాన్న కొడుకు రెవి వాయించేది బేస్ గిటారు. పాతికేళ్లుగా వాయిస్తున్న ఆ వాయిద్యం పేరు వాడు ఏనాడూ సరిగ్గా రాసిన పాపాన పోలేదు. ఇంగ్లీషులో వాడు రాసేది చదివితే సైన్యం మకాం వేసే చోటు, ఇంకో బేస్ అవుతుంది. డ్రమ్ముల పక్కన ఉండే కంచు తాళాలు, సింబల్స్, కొనాలని వాడు జాబితా రాస్తే దుకాణంవాడు ఏ గుర్తులు కావాలని ఫోను చేశాడు. ఒకసారి ఆమె తిట్లు పడలేక, అన్నిటికీ గీతలు పెడితే పోలా అని, ఒక పుట్టినరోజు ఆహ్వానంలో కెకె అన్నచోట కేకే అని రాశాడు. కెకె అంటే కేకు. కేకే అంటే చంక. సాయంత్రం ఐదింటికి చంక కోయబడును అని ఊరంతా చదువుకుంది.

అన్నిటికీ హామి దగ్గర ఒకటే జవాబు. "పాటకి చెవి కావాలి గాని కన్నెందుకక్కా? సాగాల్సిన చోట గొంతే సాగుతుంది."

ఇప్పుడు వాడు ఆ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నాడు.

"శనివారం దీన్ని చదివేదెవరో తెలుసా నీకు?" అంది రీపెకా. "తియోపిరా మామయ్య. ముసుగు తియ్యగానే రాతి మీద ఉన్నది పైనుంచి కింద దాకా గట్టిగా చదువుతాడు. వెనక ఆయన వాళ్లంతా నిలబడి ఉంటారు. వాళ్ల ఊరి మీదికి తాతల కాలంలో మనవాళ్లు తుపాకులేసుకొని వెళ్లిన సంగతి వాళ్లు మర్చిపోయారనుకుంటున్నావా? వాళ్ల ఆడపిల్ల నెత్తిన మనం ఏం రాయించామో చూడు!"

"తెల్లరంగుతో చిన్న గీత పెడితే?" అన్నాడు రెవి. "నా పెళ్లాం గోళ్లరంగు ఉంది..."

"నోర్ముయ్!"

రెవికి భయం వేస్తే నవ్వొస్తుంది. నవ్వాడు. దాంతో ఆమెకి ఒళ్లు మండిపోయింది. తమ్ముడి వైపు తిరిగి, "నీ బద్ధకాన్ని అమ్మ తల మీద చెక్కించావురా" అనేసింది.

హామి గిటారును పెట్టెలో పెట్టి, రెండు కొక్కేలూ జాగ్రత్తగా వేసి, బయటికి వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రాళ్లు చెక్కేవాడు కూతురి పెళ్లికని దక్షిణ దీవికి వెళ్లాడట. గీత చెక్కడం కష్టం కాదు గాని రెండు మూడు వారాల దాకా కుదరదట. మామయ్యకి ముందే చెప్పాలి, రేపు పొద్దున కారు తెస్తాను. అంతే. చివర అక్కా అని లేదు.

రీపెకా బడి ఆఫీసులో కూర్చొని పాత ఈమెయిళ్లు తిరగెయ్యడం మొదలుపెట్టింది. హామి పాట రాసి ఇచ్చిన కాగితం ఎక్కడో ఉండాలి. తప్పు ఎక్కడ మొదలైందో మామయ్య ముందు పెట్టడానికి రుజువు ఉంటే మంచిదనుకుంది. ఫిబ్రవరి నెల మెయిళ్లలో దొరికింది, కాగితం కాదు, చెక్కే ముందు చూసుకోమని ఆ రాళ్లాయన పంపిన నమూనా. నల్ల పలక మీద తెల్ల అక్షరాలు. అమ్మ పేరులో గీత సరిగ్గా ఉంది. ఇంటిపేరులో గీత సరిగ్గా ఉంది. ఆ రెంటినీ తను మూడేసిసార్లు చూసుకున్నట్టు గుర్తు. అడుగు వరుసలో తఉవ.

దాని కింద తను ఇచ్చిన జవాబు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, చెక్కండి. రీపెకా.

బయట పిల్లలు అరుస్తూ బంతాడుకుంటున్నారు. ఎవరో అమ్మాయి మోకాలు చెక్కుకుపోయిందని ఏడుస్తూ వచ్చింది. రీపెకా మందు రాసి, పట్టీ వేసి పంపించి, మళ్లీ వచ్చి ఆ జవాబు చదివింది. అది మారలేదు. చెరిపెయ్యొచ్చు అనే ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. వచ్చినందుకు చెంపలు వేడెక్కాయి.

శుక్రవారం పొద్దున ఇద్దరూ కారులో బయల్దేరారు. ఒక పక్క సముద్రం, ఒక పక్క నరికిన పైన్ చెట్ల మోళ్లు. దుంగల లారీ ఒకటి ముందు నెమ్మదిగా ఎక్కుతోంది. గుట్ట దాటితే మామయ్య వాళ్ల ఊరు. చెప్పాల్సిన మాటని రీపెకా వాయిదా వేస్తోంది. ఆ వంతెన దాటాక చెప్తాను అనుకుంది. వంతెన దాటింది. ఆ మలుపు తిరిగాక అనుకుంది.

"హామీ, ఒకటి చెప్పాలి."

"చెప్పు."

"చెక్కే ముందు నమూనా నాకే పంపాడు. నేనే చూసి సరేనన్నాను."

లారీ పక్కకి తప్పుకొని దారిచ్చింది. హామి దాన్ని దాటించాడు. "తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"నిన్న ఆయనే చెప్పాడు. అక్కగారు చూసి సరేనన్నారు కదండీ, అని. నువ్వు చెప్తావో, గుట్ట దాటేదాకా నోరు కట్టేసుకుంటావో చూద్దామని ఊరుకున్నా."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మొన్న అందరి ముందూ ఏమన్నావో గుర్తుందా?"

"గుర్తుంది."

"ఆ మాట వెనక్కి తీసుకోవాలి నువ్వు."

"తీసుకుంటాను. అందరి ముందే."

"అందరి ముందూ అక్కర్లేదు. రెవి ముందు చాలు. వాడే నవ్వాడు."

కొంత దూరం పోయాక రీపెకా అంది, "నేను చదవలేదురా దాన్ని. చదువుతున్నాననుకుంటూ పాడుకున్నాను. లేని గీతని నా కళ్లే పెట్టేసుకున్నాయి."

"అదే కదా ఇరవై ఏళ్లుగా నేను మొత్తుకుంటోంది. పాట తెలిసినవాడికి గీత అక్కర్లేదు."

"పాట తెలియనివాడికి? మనం పోయాక ఎవడో వచ్చి ఆ రాయి చదువుతాడు. వాడికి పాడి వినిపించడానికి నువ్వుంటావా?"

స్టీరింగు మీద హామి వేళ్లు తాళం వెయ్యడం మానేశాయి.

తియోపిరా పెరట్లో పీట మీద కూర్చొని, తవ్విన కుమర దుంపల్ని పెద్దవీ చిన్నవీ వేరు చేస్తున్నాడు. ఎనభై మూడేళ్లు. చావు ఇంట్లో ప్రార్థన నడుస్తుండగా లేచి నిలబడి, పంచిపెట్టిన కీర్తనల కాగితంలో మూడో వరుస తప్పని చెప్పిన మనిషి. రీపెకా చిన్నప్పుడు ఆయనకి రాసిన ఉత్తరాలు ఎర్రసిరాతో దిద్దుకొని తిరిగొచ్చేవి.

"ఇద్దరూ కలిసి వచ్చారంటే ఎవరో చచ్చుండాలి, లేదా ఏదో విరిగుండాలి" అన్నాడు తలెత్తకుండానే.

"విరగలేదు మామయ్యా. తక్కువైంది" అంది రీపెకా.

నిలబడే మొత్తం చెప్పింది. ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆయన విని, పక్కనున్న అట్టపెట్టె మూత చించి, చెవి మీదున్న పెన్సిలు తీసి ఇచ్చాడు.

"రాతి మీద ఎలా ఉందో అలా రాయి."

రాసింది. ఆయన ఆ మూతని చెయ్యి చాచి దూరంగా పెట్టుకొని పైకి చదివాడు. పొట్టిగా, గీత లేనట్టే. తఉవ. వంటింటి కిటికీలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన కూతురు హినెవెహి అక్కడ నిలబడి వింటోంది. రీపెకా ఆమెని వదినా అంటుంది. చిన్నప్పుడు సెలవులన్నీ ఇద్దరూ ఒకే మంచం మీద గడిపారు.

"ఇప్పుడు ఎలా ఉండాలో నువ్వు రాయి" అని పెన్సిలు హామికి ఇచ్చాడు ముసలాయన.

హామి వంగి రాశాడు. రాసి ఇచ్చాక ముగ్గురూ చూశారు. అలవాటు చొప్పున మళ్లీ గీత లేకుండానే రాశాడు. గతుక్కుమని లాక్కొని గీత పెట్టాడు. తొందరలో చివరి అక్షరం మీద పెట్టాడు.

రీపెకా కళ్లు మూసుకుంది.

"ఎవరిది తప్పు?" అన్నాడు తియోపిరా.

"నాది" అన్నారిద్దరూ.

ఆయన ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "మా తాతకి ముగ్గురు అన్నలు. ఆ సేన వచ్చిన పొద్దున ముగ్గురూ ఏట్లో వల వేస్తున్నారు. ఇంటికి రాలేదు. వాళ్ల పేర్లు నాకు వచ్చు, మా నాయన నేర్పాడు. ఆ పేర్లని పొట్టిచేసి పలికితే చెంప పగలగొట్టేవాడు."

కిటికీలోంచి హినెవెహి, "శనివారం నేను రాను నాన్నా" అంది.

"నీ ఇష్టం" అన్నాడాయన. తర్వాత వీళ్లతో, "సంచి నిండా దుంపలు పట్టుకుపోండి. పెద్దవి తీసుకోకండి, చిన్నవే రుచి."

"మామయ్యా, మీరు వస్తారా?" అని అడిగింది రీపెకా.

ఆయన మళ్లీ దుంపలు ఏరడంలో పడ్డాడు.

శనివారం తెల్లారేసరికి ఊరంతా కలిసే మరాయె మందిరం ముందు కుర్చీలు వేశారు. వెనక వంట కోసం భూమిలో తవ్విన పొయ్యి మీద కప్పిన గోనెలు పొగలు కక్కుతున్నాయి. రెవి వేయించిన రొట్టెల పళ్లెం పట్టుకొని తిరుగుతున్నాడు. వాడి ముందే రీపెకా బుధవారం హామిని అన్న మాట వెనక్కి తీసుకుంది. "ఏ మాట?" అన్నాడు రెవి నిజంగానే మర్చిపోయి. పది గంటలకి రావాల్సిన మామయ్య వాళ్ల బస్సు పదిన్నరకీ రాలేదు. రీపెకా గేటు దాకా వెళ్లడం, రావడం. వాళ్లు రాకపోతే అదొక తలవంపు, ఊరంతా చూస్తుంది. వస్తే ఆయన చదువుతాడు. రెంటిలో ఏది కోరుకోవాలో ఆమెకి తెలియలేదు.

పదకొండుకి బస్సు వచ్చింది. ముందుగా కర్ర పట్టుకొని తియోపిరా దిగాడు. ఆఖర్న, నల్లదుస్తుల్లో, ఎవరి మొహమూ చూడకుండా హినెవెహి దిగింది.

శ్మశానం గుట్ట మీద. గాలి గట్టిగా ఉంది. అమ్మ మనవలు తాళ్లు విప్పి ముసుగు లాగేశారు. నల్లరాయి ఎండకి తళుక్కుమంది. తియోపిరా దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకొని చదవడం మొదలుపెట్టాడు. పేరు. పుట్టిన తేదీ. పోయిన తేదీ. ఒక్కొక్కటి చదివి ఆగుతున్నాడు. రీపెకా వేళ్లు హామి మోచేతిలో దిగబడ్డాయి. గాలిలోనైనా ఆ దీర్ఘం ఆయన పెడితే బాగుండునని దేవుణ్ని వేడుకుంది.

ఆయన పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాడు. సేన ఇంకా ఇక్కడే ఉంది.

ఆయన వెనకున్న వాళ్లలో ఒక కదలిక, వరి చేనులో గాలి దూరినట్టు. ఎవరో ముసలామె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

తియోపిరా ఇటు తిరిగాడు. "విన్నారుగా. సేన ఇంకా ఇక్కడే ఉందట." కర్ర నేలకి ఆనించాడు. "నా చెల్లెలు గుట్ట దాటి ఈ ఊరి కోడలవుతానన్న రోజున మా నాయన గడపలో కూలబడి ఒకటే మాటన్నాడు. వాళ్లు మళ్లీ వచ్చార్రా, ఈసారి తుపాకి కూడా తేలేదు, అని."

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు.

"యాభై రెండేళ్లు ఈ సేనకి రొట్టెలు వేయించింది. ఈ సేన ముక్కులు తుడిచింది. అక్షరాలు కూడా నేర్పింది. నేర్పాననుకుంది, పాపం."

ఈసారి రెండు వైపులా నవ్వారు. రీపెకాకి నవ్వు రాలేదు. హామి మోచెయ్యి వదిలింది. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు.

"నిన్న వీళ్లిద్దరూ మా పెరట్లోకి వచ్చి తప్పు చెప్పుకున్నారు. చెప్పకుండా ఉండుంటే ఇవాళ ఇది చదివిన వెంటనే మావాళ్లని మళ్లీ బస్సెక్కించేవాణ్ని. కాని ఈ రాయి ఇలా ఉండటానికి వీల్లేదు. ఆ ముగ్గురి పేర్లు నా నోట్లో ఉన్నంతకాలం వీల్లేదు. సరిచేశాక పిలవండి. వచ్చి మళ్లీ చదువుతాను."

అని, ఎవరూ గిటారు అందుకోకముందే పాట ఆయనే ఎత్తుకున్నాడు. తాఉవ దగ్గరికి వచ్చేసరికి ఆ దీర్ఘాన్ని ఎంత సాగదీశాడంటే, హామి మధ్యలో ఊపిరి అందక రెండుసార్లు గాలి పీల్చుకోవాల్సి వచ్చింది.

భోజనాల దగ్గర హినెవెహి కూర్చోలేదు. గేటు దగ్గర కొళాయిలో చేతులు కడుక్కొని నేరుగా బస్సెక్కింది. రీపెకా పళ్లెం పట్టుకొని వెళ్లబోతే తియోపిరా ఆపాడు. "వదిలెయ్. నేను నవ్వించానని అందరూ నవ్వాలని లేదు. దాని కోపం దానికుంది." రీపెకా పళ్లెం పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. పళ్లెంలో దుంపలు చల్లారిపోయాయి.

మూడు వారాల తర్వాత రాళ్లాయన తన యంత్రం తెచ్చాడు. రాతికి జిగురు కాగితం అంటించి, గీత వచ్చే చోట సన్నటి సందు కోసి, "చూసి చెప్పండమ్మా" అన్నాడు. రీపెకా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది. పాట మనసులోకి వస్తుంటే తోసేసింది. తర్వాత చివరి నుంచి మొదటికి చూసింది. హామిని చూడమంది. రెవిని కూడా చూడమంది.

"నన్నా?" అన్నాడు రెవి హడలిపోయి.

"నీకు స్పెల్లింగులు రావు. అందుకే నువ్వు అక్షరాలే చూస్తావు."

గీత పడింది. దుమ్ము తుడిచాక మిగతా అక్షరాలకన్నా కాస్త తెల్లగా ఉంది. రెండు వానలు పడితే కలిసిపోతుందన్నాడాయన. తియోపిరాని హినెవెహి తన కారులో తీసుకొచ్చింది. ఆయన చదివాడు, తల ఊపాడు, అంతకుమించి మాటల్లేవు. హినెవెహి వంగి ఆ గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నిమిరింది. తర్వాత కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"మా ఆయన సమాధి రాయిది" అంది. ఆమె భర్త పోయి ఎనిమిది నెలలు. "రేపు పంపాలి చెక్కడానికి. చూసిపెట్టు."

రీపెకా కాగితం అందుకుంది. ఎనిమిది వరుసలు. చాలా గీతలున్నాయి. "నేనొక్కదాన్నే చూడను వదినా" అంది.

"మరి?"

రీపెకా ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని, గాలికి ఎగిరిపోకుండా గుండెకి ఆనించుకొని, కారు దగ్గరున్న తమ్ముణ్ని కేకేసింది.

"హామీ! కళ్లజోడు తెచ్చుకో. గిటారు అక్కడే పెట్టు."